గృహిణీ వ్యవహారము: బక్షీసు సొమ్ము ఎవరిది?

ఇంటి పద్దు వ్రాయు చేతికే అంగడి పద్దు వ్రాయు భారము కూడ వచ్చిన సోదరీమణులు మన పాఠకురాండ్రలో పెక్కుమంది గలరు. అట్టివారిలో నొకరు పెద్దపల్లి జిల్లా గోదావరిఖని నుండి మాకొక లేఖ వ్రాసిరి. తమ పేరు ప్రకటింపవలదని కోరిరి గనుక ప్రకటించుట లేదు. ఆమె యడిగిన ప్రశ్న ఒక్క యింటికి మాత్రమే చెందినది కాదు. కావున ఈ నెల ఈ శీర్షికను దానికే కేటాయించితిమి.

ఆ సోదరియు, ఆమె భర్తయు బొగ్గు గనుల దారిలో చిన్న భోజన హోటలు నడుపుచున్నారు. ఉదయపు షిఫ్టునకు పోవువారికి ఇడ్లీ, వడ. బాయి నుండి పైకి వచ్చినవారికి భోజనము. రాత్రి షిఫ్టువారికి రొట్టె, చాయ. వడ్డించువారు నలుగురు, వంటవాడొకడు, కూరలు తరుగుటకును గిన్నెలు తోముటకును స్త్రీలిద్దరు. మొత్తము ఏడుగురు పనివారు. పూర్వము భోజనము చేసిన వారు లేచిపోవుచు సోంపు పళ్ళెములో అయిదో పదియో ఉంచెడివారు. వడ్డించిన పిల్లవాడు దానిని జేబులో వేసికొనెడివాడు. అడుగువారు లేరు, వ్రాయువారును లేరు.

ఇప్పుడు అందరును ఫోనుతో చెల్లించుచున్నారు. బిల్లు 180 రూపాయలైనచో 200 పంపి, "మిగిలినది పిల్లవానికియ్యండి" అని చెప్పి పోవుదురు. ఆ 20 రూపాయలు పిల్లవాని చేతిలో గాక భర్తగారి బ్యాంకు ఖాతాలో పడును. నెల చివర ఆయన తమకు తోచినంత పంచుదురు. ఒక్కొక్క నెల మరచుదురు. గ్లాసు పగిలిన నెలలో దాని వెల అందులో నుండియే తీసికొందురు. కడచిన దసరా నాడు వడ్డించు పిల్లవాడొకడు "అన్నా, నా లెక్క యెంత?" అని యడిగెను. "నా ఖాతాలో పడినది నా సొమ్ము" అని ఆయన కసరెను. మూడేండ్లుగా నమ్మకముగ పనిచేసిన ఆ పిల్లవాడు మరునాడు పనిలోనికి రాలేదు.

ఇంతలో పద్దులు చూచు పెద్దమనిషి యొకరు వచ్చి, "ఆ సొమ్ము మీరు పంచినచో జీతమగును, దానిపై పన్ను కోయవలయును, పి.ఎఫ్. కట్టవలయును, పంచకున్నచో మీ యాదాయమగును" అని భయపెట్టి పోయిరట. ఆ భయముతో భర్తగారు పంచుటయే మానిరి. ఇక గిన్నెలు తోము ముసలమ్మ ఒకనాడు, "అక్కా, పైసలు వడ్డించెటోల్లకేనా? వండినోల్లకు, కడిగినోల్లకు ఏం లేదా?" అని యడిగినదట. ఆ సోదరి మమ్ము అడిగినది మూడు ప్రశ్నలు: ఆ సొమ్మెవరిది? దానికి పన్నేమి? ఆ ముసలమ్మకు మేమేమి చెప్పవలయును?

అన్నము నమ్ముట మనకు క్రొత్త గాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రచారములోనున్న క్రీడాభిరామములో కాకతీయుల నాటి ఓరుగంటి పూటకూటి యిల్లును, రూకకు దొరకు భోజనమును వర్ణింపబడినవి. ఆ ఓరుగల్లు పెద్దపల్లికి దూరము గాదు. గురజాడవారి కన్యాశుల్కమున పూటకూళ్ళమ్మ యుండుట మీ రెరుగుదురు. ఆ యిండ్లలో వండినదియు, వడ్డించినదియు, పైకము పుచ్చుకొన్నదియు తరచుగ ఒక్క చేయియే. ఇక బక్షీసు ఎవరిదను ప్రశ్న యెట్లు పుట్టును? యజమాని పెట్టె యొద్ద కూర్చుండి, వడ్డించువాడు జీతగాడై, వండు స్త్రీ గోడ వెనుక కనబడకుండ పోయిన పిమ్మట గదా ఈ తగవు మొదలైనది! ఈనాము, బక్షీసు అను మాటలు మనకు పారశీకపు దర్బారు భాష ద్వారా వచ్చినవి. పెద్దవాడు సంతోషించి చిన్నవానికిచ్చినది అని వాని యర్థము. ఇచ్చువాని యిష్టమే దానికి మూలము. ఈ మూలమును మనసున నుంచుకొన్నచో న్యాయస్థానములు చెప్పినది సులువుగ బోధపడును.

మన దేశమున ఈ సంగతి తేలినది పెద్ద హోటళ్ళ పద్దుల మీద. క్రెడిట్ కార్డుతో బిల్లు చెల్లించు అతిథులు బక్షీసును కూడ ఆ బిల్లులోనే వ్రాయుదురు. ఆ సొమ్ము మొదట హోటలు ఖాతాలో పడును. పిమ్మట హోటలువారు దానిని పనివారికి పంచుదురు. మన సోదరి యింట ఫోను చేయుచున్న పనియే అక్కడ కార్డు చేసినదన్న మాట. ఆదాయపు పన్ను శాఖవారు ఐ.టి.సి. సంస్థ హోటళ్ళ లెక్కలు చూచి, "మీరు పంచిన బక్షీసు జీతమే. జీతముపై పన్ను కోసి ప్రభుత్వమునకు జమకట్టుట యజమాని విధి. మీరట్లు చేయలేదు గనుక ఆ పన్నును, దానిపై వడ్డీని మీరే చెల్లింపుడు" అనిరి. 2011లో ఢిల్లీ హైకోర్టు శాఖవారి వాదమునే యంగీకరించెను. సంస్థవారు సుప్రీంకోర్టునకు పోయిరి.

2016 ఏప్రిలు 26వ తేదీన న్యాయమూర్తులు కురియన్ జోసెఫ్, రోహింటన్ ఫాలీ నారిమన్ గారలు ఆ తీర్పును త్రోసిపుచ్చిరి. వారి తర్కము ఇంటి లెక్క వలె తేటగ నున్నది. జీతమనగా యజమాని పనివానికి బాకీపడినది. పనివాడు హక్కుతో అడుగగలిగినది. బక్షీసును యజమాని యీయలేదు, అతిథి యిచ్చెను. అతిథి ఈయకున్నచో పనివాడు "నా బక్షీసేది?" అని యజమానిని నిలదీయలేడు, ఒప్పందములో అట్టి మాట లేదు. సొమ్ము కొన్నాళ్ళు యజమాని ఖాతాలో నిలిచిన మాత్రమున అది ఆయనది కానేరదు. ఒకరి కొరకు మరియొకరి యొద్ద నుంచిన అప్పగింత సొమ్మది. ఆయన దానికి ధర్మకర్త మాత్రమే. కావున దాని నుండి జీతము పన్ను కోయవలసిన పని యజమానికి లేదు. కోయలేదని వడ్డీ వేయుటకును వీలులేదు.

అంతకు ముందు 1976లోనే జయపురములోని రాంబాగ్ ప్యాలెస్ హోటలునకును అచ్చటి కార్మిక సంఘమునకును నడచిన వ్యాజ్యములో, సేవ కొరకు అతిథుల యొద్ద వసూలైన సొమ్ము యాజమాన్యపు సొత్తు కాదను భావమునే సుప్రీంకోర్టు వెల్లడించియుండెను. ఇ.ఎస్.ఐ. విషయములో వచ్చిన మరియొక వ్యాజ్యమునను, అట్లు వసూలుచేసి పంచిన సేవా రుసుము వేతనము కాదనియే నిర్ణయించిరి. 2016 నాటి తీర్పు ఈ రెండింటిని ఆధారముగ గొన్నది.

మన సోదరి మొదటి ప్రశ్నకు ఇదియే సమాధానము. ఆ 20 రూపాయలు భర్తగారివి కావు. పొరుగింటివారు ఊరికి పోవుచు మీ పెట్టెలో దాచిన నగ వంటివి. పెట్టె మీదియే, తాళపు చెవియు మీదియే. నగ మాత్రము మీది గాదు. ఇక పద్దులు చూచు పెద్దమనిషి పలికిన బెదిరింపు పొరపాటు. పంచినంత మాత్రమున అది జీతము కాదు. ఆ సొమ్ము కొరకు పన్ను కోయవలసినదియు లేదు. పి.ఎఫ్. చట్టము సామాన్యముగ 20 మంది గాని అంతకు మించి గాని పనివారున్న చోట్లకును, ఇ.ఎస్.ఐ. పది మంది గాని అంతకు మించి గాని యున్న చోట్లకును వర్తించును. ఏడుగురు పనివారున్న హోటలునకు ఆ ప్రశ్నయే రాదు.

అయితే యజమానికి పన్ను పని తప్పినంత మాత్రమున బక్షీసు పన్ను లేని సొమ్మని యనుకొనరాదు. పుచ్చుకొన్న పనివానికి అది ఆదాయమే. జీతమను పద్దు క్రింద గాక "ఇతర ఆదాయము" అను పద్దు క్రింద వాడే చూపుకొనవలయును. 1961 నాటి చట్టమునకు బదులుగ 2025లో క్రొత్త ఆదాయపు పన్ను చట్టము చేయబడినది. దానిని 2026 ఏప్రిలు 1వ తేదీ నుండి అమలు జరుపుటకు నిర్ణయించిరి. అందు విభాగముల సంఖ్యలు మారినవి. 2025 బడ్జెటులో, క్రొత్త పన్ను పద్ధతి ననుసరించువారికి ఏటికి 12 లక్షల రూపాయల వరకు ఆదాయమున్నను పన్ను పడకుండ రాయితీ కల్పించిరి. గోదావరిఖనిలో వడ్డించు పిల్లవాని జీతమును బక్షీసును కలిపి కూడినను ఆ మొత్తమున కెంతో దిగువనే యుండును. కావున వానికి పన్ను భయము లేదు. వాని భయము వేరు. ఆ సొమ్ము చేతికి వచ్చునా రాదా యనునదే వాని భయము.

ఇచ్చట మేమొక సంగతి చెప్పక తప్పదు. పై తీర్పు యజమానులకు గొప్ప ఊరట. పనివానికి మాత్రము అది సగము మేలు, సగము నష్టము. సొమ్ము వానిదని తేలినది, అది మేలు. జీతము కాదని తేలినది గనుక పి.ఎఫ్. లెక్కలోనికి గాని, వృద్ధాప్యపు పింఛను లెక్కలోనికి గాని, కాన్పు సెలవులో వచ్చు సొమ్ము లెక్కలోనికి గాని అది చేరదు. ఇరువది యేండ్లు బక్షీసు మీద సగము సంసారము నడపినవానికి ఆ యిరువది యేండ్ల బక్షీసు ముసలితనమున ఒక్క రూపాయి పింఛనైనను తేదు.

ఈ చిక్కును అమెరికావారు మరియొక విధముగ విప్పిరి. అచ్చటి తెలుగువారిలో హోటళ్ళు పెట్టినవారును, వానిలో పనిచేయువారును గలరు. మన పాఠకురాండ్ర బిడ్డలును వారిలో నుండవచ్చును. కావున ఆ పద్ధతి తెలిసికొనుట మంచిది. ఆ దేశమున బక్షీసు కూడ వేతనముగనే లెక్కింపబడును. వృద్ధాప్యపు పింఛను నిధికిని, వయోవృద్ధుల వైద్య నిధికిని పనివాడు నూటికి 7.65 వంతున చెల్లించవలయును. యజమానియు అంతే చెల్లించవలయును. బక్షీసు మీద కూడ ఇద్దరును చెల్లింపవలసినదే. "నేను ఈయని సొమ్ము మీద నేనేల కట్టవలయును?" అని హోటళ్ళ యజమానులు మొరపెట్టుకొనిరి. ఆ మొర విని 1993లో అచ్చటి చట్టసభ యొక రాయితీ నిచ్చెను. బక్షీసు మీద యజమాని కట్టిన భాగమును ఆయన చెల్లించవలసిన ఆదాయపు పన్నులో తగ్గించుకొనవచ్చును. అయితే గంటకు 5.15 డాలర్ల కూలిని పూరించుటకు సరిపోయిన బక్షీసు మీద ఈ రాయితీ లేదు. దానికి మించినదాని మీదనే గలదు. మొదట ఇది అన్నపానీయముల వ్యాపారమునకే పరిమితమైయుండెను. 2025 జూలై 4వ తేదీన సంతకమైన చట్టముతో కేశాలంకరణము, గోళ్ళ యలంకారము, చర్మ సంరక్షణ వంటి సౌందర్యశాలలకును విస్తరించినది. అవి యెక్కువగ స్త్రీలు పనిచేయు చోట్లు గదా! అదే చట్టము పనివారికి కూడ 2025 నుండి 2028 వరకు, ఏటికి 25,000 డాలర్ల బక్షీసు వరకు ఆదాయపు పన్ను లెక్క నుండి తగ్గించుకొను వీలు కల్పించినది. పెద్ద ఆదాయములవారికి అది క్రమముగ తగ్గిపోవును. అయినను పింఛను నిధికి చెల్లింపవలసినది మాత్రము అట్లే యున్నది.

ఈ రెండు పద్ధతులలోని భేదమును సోదరీమణులు గమనింపవలయును. రెండు దేశములలోను యజమానికి ఊరట కలిగినది. అక్కడ యజమాని భారమును ప్రభుత్వము తన మీద వేసికొన్నది. పనివాని పింఛను చెక్కుచెదరలేదు. ఇక్కడ భారమే లేదని తేల్చిరి. దానితో పింఛను కూడ లేకపోయినది. అట్లని అమెరికా పద్ధతి యంతయు మెచ్చదగినది గాదు. అక్కడ బక్షీసు పుచ్చుకొను పనివానికి యజమాని గంటకు 2.13 డాలర్లు మాత్రమే యిచ్చి, మిగిలిన కనీస కూలి బక్షీసుతో పూర్తియైనదని చెప్పుటకు కేంద్ర చట్టము సమ్మతించుచున్నది. కొన్ని రాష్ట్రములు మాత్రము దీనిని ఒప్పుకొనవు. అతిథి దయను యజమాని బాకీలో జమకట్టుట మాకు న్యాయముగ తోచలేదు. మన దేశమున బక్షీసు యజమాని యిచ్చినది కాదని సర్వోన్నత న్యాయస్థానమే చెప్పినది. ఇక "బక్షీసు వచ్చుచున్నది గదా, జీతము తక్కువైననేమి?" అని మన యజమానులు పలుకుటకు ముఖమెక్కడిది? పన్ను వేళ "అది నా సొమ్ము కాదు" అనినవారు జీతపు వేళ "అది నేనిచ్చినట్లే" అనరాదు.

ఇంగ్లాండులో మరియొక మంచి పని చేసిరి. 2023లో చట్టము చేసి 2024 అక్టోబరు 1వ తేదీ నుండి అమలు జరిపిరి. అతిథులిచ్చిన బక్షీసు నంతయు యజమాని కోత లేకుండ పనివారికి పంచవలయును. పంపకము న్యాయముగ నుండవలయును. ఏ నియమము ప్రకారము పంచుచున్నారో వ్రాసి యుంచవలయును. పంచిన లెక్కను మూడేండ్లు భద్రపరుపవలయును. పన్ను సంగతికి గాక పంపకపు సంగతికి అక్కడ ప్రాధాన్యమిచ్చిరి. మన దేశమున అట్టి ప్రత్యేక చట్టము మేమెరిగినంతవరకు లేదు. ఇక్కడ యజమాని మనస్సాక్షియే చట్టము.

బక్షీసును సేవా రుసుముతో కలపరాదని కూడ చెప్పవలసియున్నది. కొన్ని పెద్ద హోటళ్ళు బిల్లులోనే నూటికి పది వంతున రుసుము వేసి పుచ్చుకొనుచుండగా, 2022 జూలై 4వ తేదీన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ దానిని తప్పనిసరి చేయరాదని మార్గదర్శక సూత్రములు వెలువరించెను. హోటళ్ళ సంఘములు ఢిల్లీ హైకోర్టునకు పోయినవి. 2025 మార్చి 28వ తేదీన ఆ కోర్టు సూత్రములను సమర్థించి తీర్పు చెప్పినది. ఇచ్చువాని యిష్టము లేనిచో అది బక్షీసు గాదను మూలసూత్రమే యిచ్చటను కనబడుచున్నది. మన సోదరి హోటలులో ఎవరును బిల్లుపై రుసుము వేయుట లేదు గనుక ఆమెకు ఆ చిక్కు లేదు.

ఇక గోదావరిఖని సంగతి యొకటి విన్నవింతుము. ఆ పట్టణమున సగము ఇండ్లు సింగరేణి జీతము మీద నడచునవి. బాయి పనివాని ప్రతి రూపాయియు కాగితము మీద నుండును. మస్టర్లెన్ని, ప్లేడేలెన్ని, అలవెన్సు యెంత, పి.ఎఫ్. యెంత, పన్ను యెంత యని జీతపు చీటిలో వరుసగ వ్రాసియుండును. పండుగ ముందర లాభాలలో వాటా వచ్చిన నెలలో పన్ను కోత చూచి, "ఇంత కష్టము చేసినది వీరికి కట్టుటకేనా?" అని నిట్టూర్చని యిల్లాలు అక్కడ అరుదు. గని కార్మికులకు ఆదాయపు పన్ను మినహాయింపవలెనని సంఘములు చిరకాలముగ కోరుచున్నవి. అయినను అదే చీటి మీద వారికి పింఛను గలదు, అదే చీటిని చూపి బ్యాంకువారు ఇంటికి అప్పిత్తురు, బిడ్డ చదువునకు అప్పిత్తురు. ఆ కార్మికుడే హోటలులో కూర్చుండి ఆ వడ్డించు పిల్లవానికి 20 రూపాయలిచ్చును. కోతతో కూడిన చీటిగలవాడు ఒకడు. కోతయు లేక చీటియు లేనివాడు వేరొకడు. ఈ రెండవవాని కేమైన వ్రాత కలిగించుట చేతనైనచో, అది యజమాని యిల్లాలికే చేతనగును.

ఎట్లనగా, చిన్న పుస్తకమొకటి చాలును. ప్రతిదినము రాత్రి పెట్టె లెక్క చూచునప్పుడు, బిల్లులకు మించి ఫోనులో వచ్చిన సొమ్మెంతయో వేరు గడిలో వ్రాయుడు. బిల్లు మీదనే "బక్షీసు 20" అని గురుతు పెట్టినచో రాత్రి వెదుకులాట యుండదు. వారమున కొకసారి, శనివారమో ఆదివారమో, ఆ సొమ్మును పంచి, పుచ్చుకొన్నవారిచే సంతకమో వ్రేలిముద్రయో వేయింపుడు. నెల వరకు ఆపవలదు. చేతిలో నున్న పరాయి సొమ్ము నిలిచినకొలది మనదేయని భ్రమ కలుగును. దీనివలన మీకును మేలున్నది. చిన్న వ్యాపారులు పూర్తి లెక్కలు చూపక పన్ను కట్టు పద్ధతిలో, బ్యాంకు ద్వారా వచ్చిన రాబడిలో నూటికి ఆరు వంతులు, రొక్కముగ వచ్చినదానిలో ఎనిమిది వంతులు లాభమని లెక్కింతురు. పనివారి బక్షీసు మీ రాబడిలో కలసిపోయినచో, మీది గాని సొమ్ము మీద మీరు పన్ను కట్టుదురు. పుస్తకమున్నచో అది మా సొమ్ము గాదని చూపగలరు. అందరును గమనింపగల చోట, పెట్టె ప్రక్కన, వడ్డించువారి కొరకొక డబ్బా యుంచినచో చిల్లర యిచ్చువారు అందులోనే వేయుదురు. అది అన్నింటికంటె సులువు.

పగిలిన గ్లాసు వెలను బక్షీసు నుండి తీయవలదు. గ్లాసు మీ వ్యాపారపు ఖర్చు. బక్షీసు వాని సొమ్ము. ఒకరి నష్టమును మరియొకరి నగతో పూడ్చుట తగునా?

ఇక ఆ ముసలమ్మ ప్రశ్న. ఆమె మాట చదివినప్పుడు మాకు కొంత సిగ్గు కలిగినది. ఎందుకన, మేము కూడ హోటళ్ళకు పోయి, వడ్డించినవాని చేతిలో పదో పరకో పెట్టి, గొప్ప పని చేసితిమని లేచి వచ్చినవారమే. గోడ వెనుక పొగలో నిలిచి పప్పు తాళింపు పెట్టినది యెవరని, ఆ కంచమును మసి లేకుండ తోమినది యెవరని ఏనాడును తలచలేదు. బక్షీసు చేయి చాచినచోటనే పడును. చేయి కనబడనివారికి పడదు. ఆ కనబడని చేతులు పెక్కు చోట్ల స్త్రీల చేతులు. ఇంట కూడ ఇంతే గదా! వడ్డించినామె మెప్పు పొందును, తెల్లవారుజామున లేచి పిండి రుబ్బినామె పేరెవరును తలపరు.

చట్టము అతిథి యిచ్చినది ఎవరికో వారికే చెందునని మాత్రమే చెప్పును. ఒక అతిథి పేరు పెట్టి ఒక పిల్లవానికిచ్చినచో అది వానిదే. దానిని బలవంతముగ తీసి పంచుట తగదు. కాని డబ్బాలో వేసినదియు, "పిల్లలకు" అని సామాన్యముగ చెప్పి ఫోనులో పంపినదియు అందరి కష్టమునకు వచ్చినది. దానిని ఎట్లు పంచవలయునో పనివారినే కూర్చుండబెట్టి యడుగుడు. వడ్డించువారికి కొంత యెక్కువ, వంటకును తోముటకును కొంత తక్కువ అని వారే తేల్చుకొనవచ్చును. తేల్చుకొన్నది పుస్తకపు మొదటి పుటలో వ్రాసి, అందరిచే సంతకములు పెట్టింపుడు. యజమానియు, యజమానురాలును అందులో వాటా పుచ్చుకొనరాదు. మీరు స్వయముగ వడ్డించిన దినమున కూడ పుచ్చుకొనరాదు. ఆ లెక్కలో ముసలమ్మకు వారమునకు ఎన్ని రూపాయలు వచ్చునో మేమెరుగము. ఎంత వచ్చినను, తానును ఆ హోటలులో నున్నదని ఎవరో గుర్తించిరను సంతోషము ఆమెకు కలుగును.

భర్తగారికి ఈ సంగతి చెప్పుట యెట్లని ఆ సోదరి లేఖ చివర సంకోచించిరి. పోట్లాడి చెప్పవలదు. కోర్టు తీర్పు వలన పన్ను భయము తొలగినదని మొదట చెప్పుడు. భయము పోయినచో మనస్సు మెత్తబడును. పిమ్మట, పనివాడు మానిపోయినచో క్రొత్తవానికి పని నేర్పుటకు ఎన్నాళ్ళు పట్టినదో, ఆ దినములలో ఎందరు గిరాకీలు విసిగి పోయిరో జ్ఞాపకము చేయుడు. ఆయన చెడ్డవారు గారు. ఖాతాలో పడిన సొమ్మును చూచి తనదే యనుకొనుట ఈ కాలపు ఫోను నేర్పిన పొరపాటు. పూర్వము సోంపు పళ్ళెములో నున్న నాణెమును ఆయన ఏనాడైన ముట్టెనా? ముట్టలేదు గదా. పళ్ళెము మారినది, నాణెము మారలేదు.

మానిపోయిన పిల్లవాని లెక్క మాత్రము మిగిలియున్నది. ఎన్ని నెలల బక్షీసు వానికి ఈయలేదో ఫోనులోని చెల్లింపులు చూచి, తేలినంత వరకు తేల్చి, వాని ఇంటికి పంపుడు. వాడు మరల పనికి వచ్చునా రాడా యనునది వాని యిష్టము. కాని వాని తల్లియు మన వంటి ఆడుదియే. కొడుకు కష్టపడిన చోట వాని సొమ్ము నిలువదీసిరను మాట ఆమె నోట రాకుండ చేయుట మన చేతిలోని పని. ఆ లెక్క తేలిన తరువాత ఆ సోదరి మాకు మరియొక లేఖ వ్రాయుదురని యెదురుచూచుచున్నాము.